మకరద్వీపం తొమ్మిదో రీలు

ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. సామెత అక్కడితో ఆగిపోయింది. ఆ దూడకు పాలు పట్టడానికి ఒక మండలి, మండలికో అధ్యక్షుడు, అధ్యక్షుడికో జీపు, జీపుకో షెడ్డు మంజూరు కావడం మాత్రం ఈ మధ్య జరిగిన సంగతి.

ఈసారి ఈనిన ఎద్దు పాత జానపద సినిమాలది. కత్తియుద్ధాలు, మాంత్రికులు, సముద్రాలు దాటే రాకుమారులు ఉన్న ఆ సాహస చిత్రాలకు ‘పెద్దల ప్రతులు’ వేరే ఉండేవని ఫోన్లలో ఒక పుకారు బయల్దేరింది. మొదటి ఆట పిల్లలకు చూపించి, రెండో ఆటలో అదే కథకు కొన్ని ముక్కలు కలిపి పెద్దలకు చూపేవారట. అలాంటి అరుదైన ప్రతులు ఇప్పటికీ ఏ గోడౌన్లోనో మూలుగుతున్నాయట. వాటిని చూసినవాడు ఒక్కడూ లేడు. చూసినవాణ్ణి చూసినవాళ్ళు మాత్రం ఊరూరా ఉన్నారు.

పుకారు శాసనసభ దాకా పోయింది. అలాంటి ప్రతులు లేవని అనెయ్యబోయిన మంత్రిగారి చెవిలో కార్యదర్శి ఏదో ఊదాడు. మంత్రిగారు గొంతు సవరించుకుని, “లేవని ధ్రువీకరించుటకైనను ముందు వానిని కనుగొనవలసియున్నది” అన్నారు. ఆ ఒక్క వాక్యానికి ‘వెండితెర వారసత్వ శుద్ధి మండలి’ పుట్టింది. బెజవాడలో ఖాళీగా ఉన్న పాత పశువుల ఆస్పత్రి భవనం దానికిచ్చారు. పశువుల్ని తూచే కాటా ముందు గదిలో అలాగే ఉండిపోయింది. దాన్ని తీయించే అధికారం పశుసంవర్ధక శాఖది.

సుభాషిణి ఆ కాటా పక్కనుంచే లోపలికి వెళ్ళింది. ఆవిడ చేతిలో ఒక అర్జీ ఉంది. మండలి స్వాధీనం చేసుకున్న పాత ప్రింట్లలో ‘మకరద్వీపం’ అనే సినిమా ఉందని, దాన్ని ఒక్కసారి తన అత్తగారికి చూపించమని దాని సారాంశం.

మెంబర్ సెక్రటరీ పరాంకుశం అర్జీని ముందు వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత దూరంగా పెట్టి చదివాడు.

“ఏ కారణము చేత చూడగోరుచున్నారు?”

“ఆవిడ చూడలేదండీ. అందుకని.”

“వయస్సు?”

“డెబ్బై నాలుగు.”

“పెద్దల చిత్రము చూచుటకు అది చాలినంత వయస్సే. కాని ఇది పుకారు చిత్రములలో అగ్రగణ్యము. విచారణ ముగియు వరకు చూపుటకు వీలు లేదు. విచారణ మొదలగుటకు మండలి పూర్తి కాలేదు. ఉత్తర్వు ప్రకారము ఒక సామాన్య గృహిణి సభ్యురాలిగా ఉండవలె. దరఖాస్తు పెట్టిన వారందరు ఎవరో ఒక పెద్ద అధికారి భార్యలే. ఒక్కరును సామాన్యులు కారు.” అంటూ అర్జీలో వృత్తి అన్నచోట చూపు నిలిపాడు. “మీరు గృహిణియా?”

“అవునండీ.”

“మీ వారు?”

“మున్సిపాలిటీలో స్టోర్ కీపరండీ.”

“చదువు?”

“బీయే. చరిత్ర.”

“చదువు వలన సామాన్యతకు భంగము కలిగినదా?”

“లేదండీ. ఇంట్లో ఎవరూ గమనించలేదు.”

పరాంకుశం కుర్చీలోంచి లేచాడు. బంగారు గని తగిలినవాడి మొహం అది. “మిమ్ములను మండలి సభ్యురాలిగా స్వీకరించుచున్నాము. ఇక మీ అర్జీని మీరే పరిశీలించుకొనవచ్చును.”

సుభాషిణి ఇంటికొచ్చి జరిగింది చెబితే, గోంగూర వలుస్తున్న అత్తగారు నాగరత్నం గారు తలెత్తకుండానే, “చూపిస్తారా, చూపించరా?” అన్నారు.

“నన్ను మెంబర్ని చేశారత్తయ్యా.”

“నేనడిగింది చీర కొనమని. వాళ్ళు నిన్ను మగ్గానికి కట్టేశారన్నమాట.”

నాగరత్నం గారు పందొమ్మిదేళ్ళప్పుడు ‘మకరద్వీపం’లో రాకుమారి. అదే మొదటి సినిమా, అదే ఆఖరు. నిర్మాతకు ఒక్క ప్రింటు వేయించేసరికే దేవుడు కనిపించాడు. ఆ ప్రింటు కాలవ గట్టు మీదున్న ఏటిపాలెం, గుమ్మలపాడు టూరింగ్ టాకీసుల్లో ఆడింది. అక్కడితో ఆగింది. అది ఆడుతుండగానే గుమ్మలపాడు హెడ్‌మాస్టరు గారబ్బాయితో ఆవిడ పెళ్ళి కుదిరింది. సినిమా మాట ఎత్తకూడదు, ఆ సినిమా చూడకూడదు అన్నది మామగారి షరతు. మామగారు పోయినా, తర్వాత భర్త పోయినా మాట మాటే. ఈ మధ్యే కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నారు. డాక్టరు, “ఇంక ఏం చదువుకుంటారమ్మా?” అని ఆప్యాయంగా అడిగితే, “చదవను. నన్ను నేను చూసుకుంటా” అన్నారు. డాక్టరు అద్దం అనుకున్నాడు.

“నన్ను చూడనివాళ్ళు లేరే ఆ చుట్టుపక్కల,” అన్నారు గోంగూర కాడలు విదిలిస్తూ. “నేను తప్ప. ఒక చిత్రం చెప్పనా? బస్సెక్కితే ఏటిపాలెం ఆడవాళ్ళు గబుక్కున లేచి నాకు సీటిచ్చేవాళ్ళు. గుమ్మలపాడు వాళ్ళేమో మూతి తిప్పుకుని కొంగు సర్దుకునేవాళ్ళు. బొమ్మ ఒకటే, మనిషిని ఒకర్తినే. ఎందుకో ఇప్పటికీ తెలీదు. గుహలోకి వెళ్ళడం వరకూ తెరమీద బానే ఉన్నానట. ఆ తర్వాత తెరమీద ఏం కనపడిందో ఎవరూ చెప్పరు. అడిగితే నవ్వడం. చచ్చేలోపు ఆ గుహలోంచి ఎలా బయటపడ్డానో నాక్కూడా చూడాలనుంది.”

మండలి విచారణ మొదలైంది. అధ్యక్షులు అవతారం గారు విశ్రాంత ఆచార్యులు. తంత్రశాస్త్రంలో ఆయన రాసిన పుస్తకం ఎంత లోతైనదంటే అందులోకి దిగిన పాఠకుడు ఇంతవరకూ పైకి రాలేదు. ఆయనకు కుడివైపు పరాంకుశం, ఎడమవైపు సుభాషిణి. ఎదురుగా బారెడు మీసాలతో సూపరింటెండెంట్ కోటిలింగం, సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడానికి.

మొదటి సాక్షి గుమ్మలపాడు రిటైర్డు పోస్టుమాస్టరు.

“సినిమా నలుపు తెలుపేనండి. రాకుమారుడు ఆవిడ చెయ్యట్టుకుని గుహలోకి దూరాడు. అంతే! తెర భగ్గుమని రంగుల్లోకి మారిపోయింది. ఆ ముక్క ఒక్కటే రంగులండి. తెరనిండా ఇంత ఎర్ర త్రికోణం!”

“త్రికోణము!” అవతారం గారు సగం లేచారు. “తలక్రిందులుగానా?”

“తలక్రిందులుగానేనండి.”

“శక్తియంత్రము! వామాచారము! రాసుకో కోటిలింగం.”

రెండో సాక్షి రైసుమిల్లు ఆసామి. “తెల్ల అంగరఖా తొడుక్కున్న మాంత్రికుడొకడు వచ్చాడండి. చేతిలో మంత్రదండం. రాకుమారి లోపల ఏమేమున్నాయో ఆ దండంతో ముట్టి ముట్టి చూపించాడు.”

“లోపల అనగా? వస్త్రముల లోపలనా?”

ఆసామి సుభాషిణి వైపు చూసి ఇబ్బందిపడ్డాడు. “ఇంకా లోపలండి. చర్మం కూడా లేదు.”

పరాంకుశం రుమాలుతో మెడ తుడుచుకుని మెల్లగా చెప్పి రాయించాడు: “నాయిక వస్త్రములను మాత్రమే గాక చర్మమును కూడ విసర్జించినట్లు సాక్షి నివేదించెను. అశ్లీలతయందు ఇది ఇంతవరకు ఎరుగని స్థాయి.”

మూడో సాక్షి పిట్టగోడంత పొట్టిగా ఉన్న ఒక ముసలావిడ. “నేల క్లాసులో ఆడోళ్ళ వైపు కూకున్నానయ్యా. గుహలోకి పోయింది ఇద్దరు. వచ్చింది నలుగురు.”

“నలుగురా?”

“ఇద్దరు పిల్లలు. ఓ మగపిల్లాడు, ఓ ఆడపిల్ల. నలుగురూ నవ్వుకుంటా వచ్చారు. పెళ్ళి ఎక్కడా చూపెట్టలేదు. ఆ సిగ్గుమాలిన నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుద్ది.”

సుభాషిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళూరి ప్రభుత్వాసుపత్రి గోడ మీద అలాంటి ఎర్ర త్రికోణమే ఉండేది. దాని కింద నవ్వుతున్న అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఇద్దరు చాలు, మూడోది వద్దు అని రాసి ఉండేది. అది దాటుకునే వీళ్ళందరూ పెరిగి పెద్దయి ఉంటారు. కానీ గుహలో కనపడింది గోడ మీద ఉన్నదే అని తట్టాలంటే, గుహలో ఇంకేదో ఉండాలన్న ఆశ ముందు చావాలి.

చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. చెబితే ఆ సాయంత్రానికే విచారణ మూతపడుతుంది. ప్రింటు గోడౌనుకు పోతుంది. అత్తగారు మాత్రం గుహలోనే ఉండిపోతారు.

అందుకని మామూలు గృహిణి అడగాల్సిందే అడిగింది. “ఇంతకీ ఆ సినిమా మన దగ్గరే ఉంది కదండీ? ఓసారి వేసుకుని చూస్తే పోలా?”

అందరూ ఆవిడ వైపు, పెళ్ళిలో వంటవాణ్ణి ‘భోజనం ఎప్పుడు?’ అని అడిగిన చిన్నపిల్లను చూసినట్టు చూశారు.

“అమ్మా,” అన్నాడు పరాంకుశం ఓర్పుగా. “అది అశ్లీలమైనచో ప్రభుత్వోద్యోగి పనివేళలయందు చూడరాదు. పనివేళలు దాటిన పిదప కార్యాలయమున ఉండరాదు. అశ్లీలము కానిచో మన మండలికి దానితో పని లేదు. కావున ఏ విధముగను చూచుటకు వీలు లేదు.”

“మరి ఎలా తేలుస్తారు?”

“సాక్ష్యముల ఆధారముగ ఆ దృశ్యమును మనమే పునర్నిర్మింతుము,” అన్నారు అవతారం గారు, కళ్ళు మెరుస్తుండగా. “పరిశీలనార్థము మాత్రమే.”

పునర్నిర్మాణ ముసాయిదా రాయడానికి వారం పట్టింది. అంత ఇష్టంగా ఆ ఆఫీసులో ఏ పనీ జరగలేదని అటెండరు చెప్పుకున్నాడు. పరాంకుశం ముసాయిదా చదువుతుంటే సుభాషిణి పెదవులు బిగపట్టుకుని విన్నది.

“‘నాయకుడు నాయికను సముచితమైన దూరము నుండి అనుచితమైన దూరమునకు తీసుకొనిపోవును. తదుపరి నాయిక, అభ్యంతరములేవైన ఉన్నచో తెలుపుటకు తగిన గడువు ఇయ్యబడిన పిదప, ఆలింగనమునకు లోబడును. ఆలింగనము అవసరమైన మేరకే జరుగును. పొడిగింపు అవసరమైనచో పై అధికారి అనుమతి పొందవలెను. అనంతరము మాంత్రికుని సమక్షమున చర్మము తొలగించు కార్యక్రమము.’”

“ముద్దు లేదా?” అన్నారు అవతారం గారు నిరాశగా.

“అనుబంధములో చేర్చితినండి.”

రాసింది సరిపోయిందో లేదో చూడాలంటే నటించి చూడాలి. బయటి నటులను పిలిస్తే గుట్టు బయటపడుతుంది. ఉన్న సిబ్బందితోనే పాత్రలు భర్తీ చేయాలన్నారు. భర్తీ అనేసరికి సీనియారిటీ వచ్చింది. కథలో రాకుమారిది రాకుమారుడి కన్నా పెద్ద రాజ్యం. అందుచేత ఆ పోస్టు సర్వీసులో అందరికన్నా పెద్దవాడైన కోటిలింగానికి వచ్చింది. అంతకు ముందు ఆయనకు రెండు ప్రమోషన్లు చేతిదాకా వచ్చి జారిపోయాయి. మూడోదాన్ని వదులుకునే ఉద్దేశం ఆయనకు లేదు.

“మీసము అడ్డముగా ఉన్నది,” అన్నారు అవతారం గారు.

“సర్వీసులో చేరేనాటికే ఉందండి. రికార్డులో గుర్తుల కింద అదే రాశారు. తీసేస్తే నేను నేను కాకుండా పోతాను.”

“సరే. మీసముతోనే సిగ్గుపడుము.”

జూనియర్ అసిస్టెంటును ఇన్‌చార్జి రాకుమారుడిగా వేశారు. పశువుల కాటా గుహ అయింది. కుర్రవాడు కోటిలింగం చెయ్యి పట్టుకుని కాటా ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగి ఆఖరు అంకె దగ్గర ఆగిపోయింది. కోటిలింగం తల వంచుకుని కాలిబొటనవేలితో ఇనుప పలక మీద రాస్తూ, “రాకుమారా, ఇది భావ్యము కాదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను,” అన్నాడు.

“అభ్యంతరము నమోదు చేయబడినది,” అన్నాడు కుర్రవాడు.

తర్వాత జరిగిన ఆలింగనాన్ని ఆలింగనమనడం కన్నా బదిలీ మీద పోతున్నవాడికి ఇచ్చిన వీడ్కోలు అనడం న్యాయం. కానీ అవతారం గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. “హరిహరీ! ఎంత జుగుప్స! మన పూర్వులు దీనిని తెరమీద చూచిరా? ఈ చిత్రము భూమిమీద ఉండరాదు. తక్షణము దహనము చేయవలెను!”

“ఇది మనం రాసింది కదండీ,” అంది సుభాషిణి.

“మనము వ్రాసినదే ఇట్లున్నచో వారు తీసినది ఎట్లుండునో ఊహించుకొనుడు.”

శుక్రవారం ప్రింటును తగలబెట్టాలని తీర్మానం అయింది. సుభాషిణి ఇంటికొచ్చి అన్నాలు వడ్డించింది గానీ మొహంలో కళ లేదు. నాగరత్నం గారు కంచంలోంచి తలెత్తి చూసి, “కాల్చేస్తున్నారు కదూ,” అన్నారు. మజ్జిగ పోసుకుని, తినకుండా కలుపుతూ కూర్చున్నారు.

“ఊరికే ఎలా కాలుస్తారు?” అన్నాడు సుభాషిణి భర్త మాధవరావు, ఆవకాయ బద్ద చీకుతూ. “ప్రభుత్వం సొత్తు. కండెమ్ చెయ్యాలి ముందు. పనికిరాదని తనిఖీ చేసి నిర్ధారించాలి. మొన్న మా ఆఫీసులో విరిగిన కుర్చీలు తీసెయ్యడానికి కమిటీ వాళ్ళు ఒక్కోదాని మీదా కూర్చున్నారు. పడ్డవాటినే కండెమ్ చేశారు. కమిషనరు గారు పడలేదని ఒక కుర్చీ ఇంకా వాడుతున్నాం. పైగా, అది ఫలానా వస్తువేనని గుర్తుపట్టే మనిషి సంతకం ఉండాలి.”

సుభాషిణి చేతిలో గరిటె ఆగిపోయింది. తర్వాత మొగుడి కంచంలో అడక్కుండానే ఇంకో ముద్ద పప్పు పడింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆఫీసు కబురు చెప్పినందుకు ఆయనకు అందిన మొదటి బహుమానం అదే.

మర్నాడు మండలిలో ఆ సంగతి ఎత్తగానే పరాంకుశం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎవరో తనను ఒక కొత్త నియమానికి పరిచయం చేసినప్పుడు ఆయనకు కలిగే ఆనందం పెళ్ళిచూపుల్లో కూడా కలగలేదట.

“నిజమే! తనిఖీ లేనిదే దహనము చెల్లదు. చూచుట వేరు, తనిఖీ చేయుట వేరు. తనిఖీ చేయునప్పుడు కన్నులు తెరచియున్నను అది వీక్షణము కానేరదు.”

“రంగులు కనిపించవచ్చునా?” అన్నారు అవతారం గారు.

“తనిఖీకి అవసరమైన మేరకు.”

“అయితే ఇది ఆ చిత్రమేనని గుర్తించువారెవరు? అందులో పాలుపంచుకున్న వారందరు గతించిరి కదా.”

“మా అత్తగారున్నారండీ,” అంది సుభాషిణి.

“ఆమె చూడనే లేదంటిరి.”

“చూడలేదండీ. చేశారు. ఆవిడే రాకుమారి.”

మూల కూర్చున్న కోటిలింగం మెల్లగా లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. సెలవు మీద వెళ్ళిన రెగ్యులర్ మనిషి తిరిగొస్తే ఇన్‌చార్జి అలాగే లేస్తాడు.

శుక్రవారం పశువుల వార్డులో తెల్లదుప్పటి కట్టారు. నాగరత్నం గారు పట్టుచీర కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చారు. నాలుగో వరసలో కూర్చోబెట్టబోతే, “నా సినిమాకి నేనే వెనకాలా?” అని ముందుకెళ్ళి కూర్చున్నారు.

బొమ్మ పడింది. గీతలు గీతలుగా సముద్రం, దాని మీద అట్టపడవ. రాకుమారి ఉద్యానవనంలోంచి నడిచొచ్చింది. నాగరత్నం గారు కుర్చీ అంచుకు జరిగారు.

“అమ్మో, ఎంత బక్కగా ఉన్నానే! ఆ నడుముకి ఆ వడ్డాణం నిలవక వెనకాల దారంతో కట్టారు. చూడు, చూడు, దారం కనపడుతోంది!” కాసేపటికి గొంతు తగ్గింది. “అందంగానే ఉన్నాను కదే, సుభా?”

“రాకుమారిలా ఉన్నారత్తయ్యా.”

తుఫాను వచ్చింది, పడవ పగిలింది. మకరద్వీపం తీరాన రాకుమారుడు రాకుమారి చెయ్యి పట్టుకుని గుహ వైపు నడిచాడు. వార్డులో కుర్చీలన్నీ ఒకేసారి కిర్రుమన్నాయి. అవతారం గారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. ఇద్దరూ గుహలోకి వంగి దూరారు.

తెర భగ్గుమని రంగుల్లోకి మారింది. ఎర్ర త్రికోణం. దాని వెనక షెహనాయి. దాని కింద అక్షరాలు: ‘ప్రభుత్వ ప్రచార శాఖ సమర్పణ – చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం.’

తెల్లకోటు డాక్టరొకాయన చేత్తో కర్ర పట్టుకుని, గోడకు వేలాడుతున్న స్త్రీ శరీరపు పటంలో గర్భాశయం ఎక్కడుందో చూపించసాగాడు. ఆ పటానికి, సాక్షి చెప్పినట్టే, చర్మం లేదు. చివర్న ఒక రైతు, ఆయన భార్య, ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల నవ్వుతూ నడిచొచ్చారు. తర్వాత మళ్ళీ నలుపు తెలుపు. గుహలోంచి రాకుమారి చెదిరిన జుట్టుతో, రాకుమారుడు తూలుతూ బయటికొచ్చారు.

సినిమా అయిపోయాక దీపాలు వేసినా ఎవరూ కదల్లేదు. కారణమేమిటంటే, ప్రభుత్వ ప్రచార శాఖ అనేది మండలికి కన్నతల్లి. అందరి జీతాలూ అక్కడినుంచే వస్తాయి.

సుభాషిణే నోరు విప్పింది. “అప్పట్లో పక్కపక్క ఊళ్ళ టాకీసులు ఒకే ప్రింటు పంచుకునేవి కదండీ. ఈ ఊళ్ళో ఒక రీలు అవగానే సైకిలు మీద ఆ ఊరికి పట్టుకెళ్ళేవాళ్ళు. రీలు రావడం ఆలస్యమైతే జనం గోల చేస్తారని, ప్రతి టాకీసులోనూ తప్పకుండా ఉండే ప్రభుత్వం వారి రీలు తగిలించేవాళ్ళు. ఏటిపాలెంలో ఆఖరి ఆట, గుమ్మలపాడులో మొదటి ఆట పడ్డ రోజున, దార్లో తొమ్మిదో రీలు కాలవలో పడిపోయి ఉంటుంది. గుమ్మలపాడులో ఆ రోజు నుంచీ దాని డబ్బాలో ఇదే ఉండిపోయింది.”

“అందుకా!” నాగరత్నం గారు తొడ చరిచారు. “ఏటిపాలెం వాళ్ళు లేచి సీటిచ్చింది అందుకన్నమాట! వాళ్ళు అసలుది చూశారు.”

అవతారం గారికి ప్రాణం లేచొచ్చింది. “అయితే అసలు రీలులో... గుహలో... ఏమి జరిగినదమ్మా?”

“ఏం జరుగుతుంది? రాకుమారుడు మొసల్ని చూసి మూర్ఛపోయాడు. దాన్ని నేను చంపాను.”

“మీరా?”

“మరెవరు? ఆయన పడున్నాడంటినిగా. మూడు రోజులు తీశారు ఆ కత్తియుద్ధం. మొసలి తోకలో ఇద్దరు మనుషులుండేవాళ్ళు. నా మోచెయ్యి కొట్టుకుపోయింది. ఇదిగో, మచ్చ.” ఆవిడ చెయ్యి చాపారు. “అంత చేస్తే, ఊరంతా నేను చేసింది ఇంకోటనుకున్నారు.”

మండలి మూడు రోజులు తలుపులు వేసుకుని కూర్చుంది. ఆ రీలు అశ్లీలమంటే ప్రభుత్వం అశ్లీలం తీసినట్టు. కాదంటే మండలి ఇన్నాళ్ళూ దేన్ని విచారించినట్టు? ప్రతి నియమాన్నీ తిరగేసి, మరగేసి, చివరికి పరాంకుశం చరిత్రలో నిలిచిపోయే నిర్ణయం చదివాడు.

“‘సదరు చిత్రము ప్రభుత్వ ప్రచార శాఖవారి కుటుంబ సంక్షేమ చిత్రమేనని మండలి నిర్ధారించినది. దానికి ముందు ఎనిమిది రీళ్ళు, వెనుక అయిదు రీళ్ళు, సముద్రములు, రాకుమారులు వగైరా అనధికారికముగా ఎవరో అతికించినట్లు కనబడుచున్నది. అయినను ప్రభుత్వ చిత్రము నుండి ఏ భాగమును తొలగించుటకు మండలికి అధికారము లేనందున, అతుకులతో సహా భద్రపరచి, ప్రతి సంవత్సరము జనాభా దినోత్సవమున ప్రజలకు ఉచితముగా చూపవలెను.’”

“దహనము?” అన్నారు అవతారం గారు.

“ప్రభుత్వ చిత్రమును దహించిన నేరమగును.”

“ఒక చిన్న మాటండీ,” అంది సుభాషిణి. ఆవిడ చిన్న మాట అంటే ఇంట్లో మాధవరావు చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉంటాడు. ఆ సంగతి మండలికి ఇంకా తెలియదు. “పోయిన రీలు కూడా ప్రభుత్వ చిత్రంలో భాగమే అవుతుంది కదా, మీ లెక్కన. అది పోయిందంటే ఆడిట్ వాళ్ళు ఎవర్ని అడుగుతారో!”

పరాంకుశం మొహం పాలిపోయింది. “తరుణోపాయము?”

“రీలు లేకపోయినా, అందులో పనిచేసిన మనిషి ఉన్నారుగా. ఆవిడ వచ్చి ఆ ముక్క చేసి చూపిస్తే పోయినట్టు కాదు.”

జూలైలో జనాభా దినోత్సవం వచ్చింది. బయట వాన. పశువుల వార్డు కిటకిటలాడింది. పెద్దల సినిమా ఉచితంగా వేస్తున్నారని పుకారు పుట్టడంతో బస్సులు కట్టించుకుని వచ్చారు. గుహ వచ్చింది. తెర ఎర్రబడింది. తెల్లకోటు డాక్టరు కర్ర ఎత్తాడు.

“ఆయన్ని కాస్త నోరు మూసుకోమను నాయనా,” అని ఆపరేటరుకు చెప్పి నాగరత్నం గారు లేచారు. ధ్వని ఆగింది. తెర మీద డాక్టరు నిశ్శబ్దంగా పటం చూపిస్తూనే ఉన్నాడు. ఆవిడ ఆ వెలుగులో నిలబడి, కొంగు నడుముకు బిగించి, గొడుగు ముడిచి కత్తిలా పట్టుకున్నారు. మొసలి పోస్టు ఎవరికివ్వాలన్న ప్రశ్న అప్పటికే సీనియారిటీ మీద తేలిపోయింది. కోటిలింగం మీసాలతో సహా నేల మీద బోర్లా పాకుతూ వచ్చాడు.

“రా, మకరమా!” అన్నారు డెబ్బై నాలుగేళ్ళ రాకుమారి. గొంతు వార్డు చివర కాటా దాకా ఖంగుమంది. “నా వెనకున్నవాడు మూర్ఛలో ఉన్నాడు, నేను లేను!”

మొదట కొందరు నవ్వారు. ఎర్ర త్రికోణం కోసం వచ్చినవాళ్ళు. ఆవిడ ఒక అడుగు వెనక్కేసి, పక్కకు తిరిగి, కింద నుంచి పైకి గొడుగు విసిరిన తీరుకు నవ్వు ఆగిపోయింది. నేర్చుకున్న చెయ్యి అది, మర్చిపోలేదు. మొసలి తోక కొట్టింది. ఆవిడ తప్పించుకున్నారు. పిల్లలు బల్లలెక్కారు. “కొట్టు మామ్మా, కొట్టు!” గొడుగు మొన మొసలి వీపు మీద ఆగింది. ఒక్క క్షణం. కోటిలింగం నాలుగు కాళ్ళూ చాపి, తన సర్వీసు మొత్తంలో చేయనంత శ్రద్ధగా చచ్చిపోయాడు.

చప్పట్లకు రేకులు అదిరాయి. తెర మీద రైతు, భార్య, ఇద్దరు పిల్లలు నవ్వుతూ నడిచొచ్చారు. అచ్చం ఆవిడ్ని చూసే నవ్వుతున్నట్టు.

నాగరత్నం గారు ఆయాసపడుతూ గొడుగు ఊతంగా పట్టుకుని కుర్చీ కోసం చూశారు. ఆవిడ కుర్చీ మీద అప్పటికే ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు. సుభాషిణి లేవబోయేలోగా పక్క వరసలోంచి, పిట్టగోడంత పొట్టిగా ఉన్న ఆ ముసలావిడ గబుక్కున లేచి, తన కుర్చీని కొంగుతో తుడిచింది.

“కూకోమ్మా.”

నాగరత్నం గారు కూర్చుని, మొహం తుడుచుకుని, తలెత్తి చూశారు.

“ఏటిపాలెమా అమ్మా మీది?”

“కాదమ్మా,” అంది ముసలావిడ, నేల చూపులు చూస్తూ. “గుమ్మలపాడు.”